ఎలపట అమ్ముడుపోయింది, దాపట అందుబాటులో ఉంది

ఆ రోజుల్లో మనిషి మాట కంటే ఫోను మాటకే విలువ ఎక్కువని నేను నిజంగా నమ్మేవాణ్ణి. ఆ రోజులంటే మరీ పాతవేం కావు. ప్రొద్దుటూరులో ఆకుకూరలమ్మే ఆమె గంప పక్కన కూడా డబ్బులు పంపే గళ్ళ అట్ట ఒకటి నిలబడి ఉండేది. వానొస్తుందా అని ఆకాశం వైపు కాకుండా అరచేతి వైపు చూసుకునే అలవాటు అప్పటికే మొదలైంది. (మా కడప జిల్లాలో పైకి చూసినా, కిందికి చూసినా వాన రాదు. అది వేరే సంగతి.) తెలుగు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, ఆ చదువుతో ఏం చేయాలో ఎవరూ చెప్పక, పశువులు అమ్మిపెట్టే యాప్ ఒకదానిలో ఉద్యోగానికి చేరాను. ఆ కంపెనీ పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు ఆ పేరుతో లేదు. కానీ దాని మీద నా కోపం మాత్రం పేరు మార్చుకోకుండా అట్లాగే ఉంది.

ఉద్యోగం పేరు ఫీల్డ్ ఆఫీసరు. చేతికి ఒక పచ్చ టీషర్టు ఇచ్చారు. దాని వీపు మీద "ఒక్క క్లిక్కు, ఇంటికొచ్చే పశువు" అని అచ్చు వేసి ఉండేది. ఆఫీసు ప్రొద్దుటూరులో ఒక చెప్పుల అంగడి మీది గది. మా పై అధికారి బెంగళూరులో ఉండేవాడు. ఏది అడిగినా "ఒక్క నిమిషం, డాష్‌బోర్డు చూస్తాను" అనేవాడు కనుక నేను ఆయనను మనసులో డాష్‌బోర్డు సారు అనుకునేవాణ్ణి. ఆయన జీవితంలో ఎద్దును దగ్గరగా చూసి ఉండడు. ఆ మాటకొస్తే యాప్ తయారుచేసిన వాళ్ళెవరూ చూసి ఉండరని నాకు తొందరలోనే తెలిసింది.

మా మామ, అంటే మా అమ్మకు అన్న, ఎర్రగుంట్ల దగ్గరి పల్లెలో సేద్యం చేసేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము శనగచేను మీద పడి, ఆ చేను ఏ కాలంలోనైనా మంచు పడినట్టు ఉండేది. ఆయనకొక ఎద్దుల జత ఉండేది. కాడిలో కుడివైపు కట్టేదాన్ని ఎలపట అంటారు, ఎడమవైపు కట్టేదాన్ని దాపట అంటారు. ఎలపటకు అలవాటైన ఎద్దు దాపటకు పనికిరాదు. రెండూ దూడలప్పటి నుంచి ఒకే కొట్టంలో పెరిగినవి. ఒకదాన్ని నీళ్ళకు విప్పితే రెండోది అరిచి ఊరంతా లేపేది. మామకు మోకాళ్ళు అరిగిపోయాయి. మడక పట్టి నడవలేనని తేలాక, అమ్మక తప్పదని తనే చెప్పాడు. సంతకు తోలుకుపోతే ఎవరి చేతుల్లో పడతాయోనని ఆయన బెంగ.

"అల్లుడా, నాకి రెండే మాటలు. రెండూ ఒకే కొట్టానికి పోవాల. సేద్యగాడింటికి పోవాల, కసాయి కోతకు పోగూడదు. నీ ఫోన్లో అట్ల కుదురుతాదా?" అన్నాడు.

"కుదురుతాది మామా. ఎవరు కొంటాండారో పేరు, ఊరు, ఫోటోతో సహా కనపడతాది" అన్నాను. శిక్షణలో మాకు అట్లాగే చెప్పారు. మామ యాప్‌ను నమ్మలేదు, నన్ను నమ్మాడు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

ఒక పొద్దున మామ కొట్టం ముందు నిలబడి ప్రకటన పెట్టడం మొదలుపెట్టాను. మొదటిది ఫోటో. మామ రెండు పలుపులూ చేత పట్టుకుని, తువ్వాల సర్దుకుని, జత మధ్యన నిలబడ్డాడు. మంచి ఫోటో వచ్చింది. యాప్ తిప్పికొట్టింది. "చిత్రంలో మనుషులు ఉండరాదు." మామను పక్కకు జరగమంటే ఎద్దులు ఆయనతో పాటు జరిగాయి. చివరికి ఆయన దాపట ఎద్దు వెనక నక్కి నిలబడి, పలుపులు మాత్రం పట్టుకున్నాడు. ఎద్దు కడుపు కింద ఆయన పాదాలు రెండూ కనపడుతున్నాయి, మెడ పక్కన చెయ్యి కనపడుతోంది. యాప్ ఒప్పుకుంది. దాని లెక్కలో తల లేకపోతే మనిషి కాదు. తరవాత యజమాని ముఖం చూపించి కళ్ళు ఆర్పాలట, బతికున్న మనిషేనని రుజువుకు. మామ కళ్ళు ఇంతింత చేసుకుని కెమెరాలోకి చూస్తూ నిలబడ్డాడు.

"కండ్లు ఆర్పు మామా."

"ఫోటోకు కండ్లు ఆర్పితే పాడైపోతాదని మీ తాత కొట్టి నేర్పించినాడు రా. ఇప్పుడు ఆర్పమంటే యాడ వచ్చాది?"

మా అత్త వచ్చి ఆయన ముఖం ముందు చేట ఊపింది. ఆ గాలికి కన్ను ఆరింది. యాప్‌లో పచ్చ గుర్తు పడింది.

అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న. "రోజుకు ఎన్ని లీటర్ల పాలు ఇస్తుంది?" ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వలేదు. సున్నా కొడితే "దయచేసి సరైన సంఖ్య ఇవ్వండి" అని ఎర్రక్షరాల్లో మందలించింది. పైన నేనే "ఎద్దు" అని ఎంచుకుని ఉన్నాను. అది చూసి కూడా అదే ప్రశ్న. ఒక ఎద్దును పాలిమ్మని అంత మర్యాదగా, అంత పట్టుదలగా అడిగినవాళ్ళను నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. ఎంత తిప్పలు పడినా దారి లేక, ఒక లీటరు అని కొట్టాను.

మామ నా భుజం మీదుగా తొంగి చూశాడు. "ఎద్దు పాలిచ్చాదని రాచ్చాండావా? ఊర్లో నన్ను తలెత్తుకోని తిరగనిచ్చావా లేదా?"

"ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్‌మన్నట్టుండాది మీ కంపెనీ" అంది అత్త, చేట పక్కన పెడుతూ. "ఒక్క లీటరేనా? ఇంకో రెండు వెయ్యి, అమ్మితే అమ్మినాం."

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ యాప్‌లో జత అనే మాటే లేదు. పశువు, సంఖ్య: ఒకటి. ఆ ఒకటిని మార్చడానికి వీల్లేదు. డాష్‌బోర్డు సారుకు ఫోను చేస్తే ఆయన చాలా తేలికగా చెప్పాడు. "రెండు ప్రకటనలు పెట్టండి. మీ ఏరియాలో రెండు కనిపిస్తాయి. మనకే మంచిది." "సార్, అవి జత. విడిగా అమ్మేవి కావు." "ఐడీలు రెండు వేరు కదా?" అన్నాడు. "సార్, మన కింద చెప్పుల అంగడి ఉంది. వాళ్ళు కూడా కుడికాలి చెప్పు ఒకటే అమ్మరు" అన్నాను. "ఒక్క నిమిషం, డాష్‌బోర్డు చూస్తాను" అన్నాడు. ఏం చూశాడో తెలియదు.

సరే, అదే ఫోటోతో ఎలపట, దాపట అని రెండు ప్రకటనలు పెట్టి, వివరాల గడిలో జత సంగతి రాద్దామనుకున్నాను. ఇక్కడ నా సాహిత్యం పనికొస్తుందని కూడా అనుకున్నాను. పెన్నా గాలి పీల్చి, రాగి రంగు తేలి, మేఘాల్లాంటి మూపురాలతో, ఏవేవో రాసుకుంటూ పోయి, చివరి వాక్యంగా "ఈ రెండూ జత, విడిగా అమ్మము" అని పెట్టాను. ఆ గడి ఇన్ని అక్షరాల కంటే ఎక్కువ పట్టదనీ, మిగిలింది చెప్పాపెట్టకుండా కోసేస్తుందనీ ఎక్కడా రాసి లేదు. మూపురాల దగ్గర కోసేసింది. ప్రపంచానికి మేఘాలు చేరాయి, సంగతి చేరలేదు. (అప్పటి నుంచి నేను ఏది రాసినా చెప్పాల్సింది ముందు చెబుతాను. మేఘాల జోలికి పోను.)

రెండు రోజుల తరవాత ఫోను మోగింది. "అభినందనలు. మీ ఎద్దు అమ్ముడుపోయింది." కింద ఇంకా చిన్న అక్షరాల్లో: ఎలపట, అమ్ముడుపోయింది. దాపట, అందుబాటులో ఉంది.

నేను ఎర్రగుంట్ల బస్సెక్కి పోయి మామకు చూపించాను. ఆయన చదవలేదు. నా ముఖమే చూశాడు. "ఒకటేనా?" అన్నాడు. కొట్టంలోకి పోయి, ఎద్దుకొకటిగా ఉన్న రెండు గూటాల్లో ఒకదాన్ని ఊడబెరికి, రెండింటినీ మిగిలిన గూటానికే కట్టేశాడు.

రద్దు చేద్దామని చూస్తే రద్దు బటన్ లేదు. కొన్నవాడికి ఫోను చేద్దామంటే అతని నంబరు మీద చుక్కలు. గోప్యత అట. పేరు, ఊరు, ఫోటో అన్నీ కనపడతాయని శిక్షణలో చెప్పినవన్నీ పైసలు పూర్తిగా కట్టాక కనపడతాయట. సహాయం అనే చోట నొక్కితే నవ్వుతున్న బొమ్మ ఒకటి వచ్చింది. "మీ సమస్యను ఎంచుకోండి: ఆవు, గేదె, మేక, చెల్లింపు." ఎద్దు లేదు. చెల్లింపు నొక్కితే "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అంది. ఆ కంపెనీ ఉద్యోగినైన నేనే సహాయం నంబరుకు ఫోను చేస్తే "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని పాట పెట్టి వదిలేశారు. నా కాల్ ముఖ్యమైతే ఎవరైనా ఎత్తాలి కదా. డాష్‌బోర్డు సారు ఎత్తాడు. "రద్దు చేస్తే మీ మామగారి రేటింగు పడిపోతుంది" అన్నాడు. డెబ్బై దగ్గరపడిన మా మామకు జీవితంలో మొదటిసారి రేటింగు ఒకటి వచ్చిందనీ, అది పడిపోయే ప్రమాదం కూడా ఉందనీ ఆ రోజే తెలిసింది. "ఒకటి పోయింది కదా, రెండోది కూడా పోతుంది, ఓపిక పట్టండి" అని ధైర్యం కూడా చెప్పాడు.

మరుసటి పొద్దున చిన్న లారీ ఒకటి మామ ఇంటి ముందు ఆగింది. అందులోంచి ఎలపటను కొన్నాయన, ఆదోని పక్క రైతు, దిగాడు. తెల్ల చొక్కా, భుజాన సంచి, ప్రయాణపు దుమ్ము. మామ కొట్టం వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు. అరిగిన మోకాళ్ళతో అంత నిటారుగా ఆయన నిలబడడం నేను చూడలేదు.

"ఒకటిచ్చేది లేదప్పా. నీ బయానా నీకి తిరిగొచ్చాది, రాకుంటే నేనిచ్చా. పోయిరా" అన్నాడు మామ.

"ఒకటేందప్పా?" అన్నాడు ఆదోనాయన. "నేను దుడ్లు కట్టింది జతకు."

"జతకెట్ల కడతావు? ఫోన్లో ఒకటే అని ఉండాది."

"ఫోటోలో రెండుండాయి గదప్పా. నా కండ్లకు రెండు కనపడతాంటే ఒకటే అనుకోవల్లంటే ఎట్ల? ధర శానా తక్కువుంటే అనుమానం వచ్చింది. పాలిచ్చే ఎద్దులంట, ఇంకా అనుమానం వచ్చింది. పోనీలే, చూసొద్దామని వచ్చినా. ఒక ఎద్దును కొంటబోయి ఏం చేసుకోవల్ల? పూజ చేసుకోవల్లనా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను ఫోను చూపించాను. అందులో ఆయన చెప్పినట్టూ లేదు, మామ అడిగినట్టూ లేదు. ఇద్దరికీ సంబంధం లేని మూడో సంగతి ఒకటుంది. "డెలివరీ గంటలో పూర్తి చేయండి, లేకుంటే బయానా జప్తు" అని ఎర్రగా వెలుగుతోంది. "నీ వీపు మీద ఏందప్పా రాసుండాది?" అని అడిగాడు ఆదోనాయన. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మామ ఇంకా నమ్మలేదు. కోతకు కొనేవాళ్ళు కూడా ఇట్లాగే రైతు మాదిరి వస్తారని ఆయన భయం. అంతలో అత్త మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగడానికి ఆదోనాయన భుజాన ఉన్న సంచి దించి అరుగు మీద పెట్టాడు. దాని మూతిలోంచి కొత్త పలుపులు బయటికొచ్చాయి. రెండు. పసుపు రాసి ఉన్నాయి.

మా పక్క ఎద్దునమ్మితే పలుపుతో అమ్మరు. పలుపు ఇచ్చేస్తే కొట్టంలో లక్ష్మి కూడా దాని వెంట పోతుందని. అమ్మినవాడు తన పలుపు విప్పి ఉంచుకుంటాడు, కొన్నవాడు తన ఇంటి నుంచి పలుపు తెచ్చుకుంటాడు. కోతకు కొనేవాడు ఏ తాడు దొరికితే అది కట్టి లాక్కుపోతాడు, పసుపు రాసుకుని రాడు. మామ ఆ రెండు పలుపుల వైపు చాలాసేపు చూశాడు.

"ఎవరు రాసినారప్పా పసుపు?" అన్నాడు.

"మా ఇంట్లో ఆమె. పత్తిలో గుంటక తోలల్ల. సాళ్ళ మధ్యలోకి ట్రాక్టరు యాడ పోతాది? మా ఎద్దులు ముసలివైనాయి."

"ముసలివాటిని ఏం చేసినావు?"

"ఏం చేసేదేముందప్పా. ఉండాయి. మేచ్చా ఉండాం."

మామ వాకిట్లోంచి పక్కకు జరిగాడు. యాప్ ఇన్ని రోజులు అడిగిన ముఖమూ, కన్నూ, సంఖ్యా ఏవీ చెప్పలేని సంగతి ఆ రెండు పలుపులు చెప్పాయి. ఆదోనాయన లోపలికి పోయి పళ్ళు చూశాడు, సుళ్ళు చూశాడు, గిట్టలు తట్టి చూశాడు. ఏది ఎలపట అని అడగలేదు, నిలబడిన తీరు చూసి తనే పోల్చుకున్నాడు. తరవాత ఇద్దరూ అరుగు మీద కూర్చుని, చేతుల మీద మామ తువ్వాల కప్పుకున్నారు. సంతల్లో బేరం అట్లాగే చేస్తారు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. మామ తల అడ్డంగా ఊపాడు. ఆదోనాయన నవ్వాడు. మళ్ళీ ఏదో వేలు పట్టుకున్నాడు. అయిపోయింది. ఎంతకు కుదిరిందో నాకు ఈ రోజుకూ తెలియదు. నేను అడగలేదు, మామ చెప్పలేదు. గోప్యత అంటే అదీ.

ఇక మిగిలింది యాప్‌కు నచ్చజెప్పడం. దానికి ఓటీపీ కావాలి, ఓటీపీకి సిగ్నల్ కావాలి, సిగ్నల్ వామి మీద తప్ప ఇంకెక్కడా లేదు. నేను గడ్డివామి ఎక్కి, పచ్చ టీషర్టుతో నిలబడి, అంకెలు కిందికి అరిచాను. ఎదురింటి ముసలామె "ఎవురే అది, చిలకలు తోలేదానికి పెట్టినారా?" అని అత్తనడిగింది. ఎలపట పని అయ్యింది. రెండోదాన్ని కూడా యాప్‌లోనే కొనిపిద్దామని చూస్తే "ఒక కొనుగోలుదారుకు నెలకు ఒక పశువు మాత్రమే" అంది. యాప్ బయట అమ్మితే నిబంధనల ఉల్లంఘన అని కూడా అంది. నేను వామి మీద నుంచి ఆ నిబంధన గట్టిగా చదివి వినిపించాను. ఎందుకు చదివానో ఇప్పటికీ అర్థం కాదు. "దిగిరా అల్లుడా, ఎండ తగులుతాది" అన్నాడు మామ. నేను దిగేసరికి ఎలపటను లారీ ఎక్కించారు. దాపట పిలవకముందే తనంతట తాను వెనకే ఎక్కేసింది. దాన్ని ఎవరూ ఓటీపీ అడగలేదు. మామ తన పాత పలుపులు రెండూ చుట్టి కొట్టంలో కొయ్యకు తగిలించి, ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

వారం తిరగకముందే నా లాగిన్ పనిచేయలేదు. ఉద్యోగం పోయిందని అట్లాగే తెలిసింది. ఎవరూ ఫోను చేయలేదు. ఆ తరవాత నేను కర్నూలులో పంతులు ఉద్యోగంలో కుదురుకున్నాను. ఆదోనాయన మాత్రం ప్రతి ఏడూ మామకు ఫోను చేసేవాడు. "నీ ఎలపటది మెడ పక్కకు తిప్పుతాదప్పా, ఏం నేర్పించినావు?" అని ఆయన, "దానిది కాదు తప్పు, తోలేవానిది" అని మామ. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. ప్రకటనలతో సహా కొన్నట్టుంది. ఎందుకంటే నా ఫోనుకు ఇప్పటికీ సందేశం వస్తుంది. "మీ ఎద్దు ఇంకా అందుబాటులో ఉంది. ధర తగ్గిస్తే త్వరగా అమ్ముడవుతుంది." దాపట. రోజుకు ఒక లీటరు పాలు.

పోయిన ఏడాది మామ పోయాడు. ఆయన దినాల నాడు, ఇంటి నిండా చుట్టాలు కూర్చుని ఉండగా, ఆ సందేశం మోగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెరట్లోకి పోయి ఆ ప్రకటన తీసేయాలని కూర్చున్నాను. అన్నీ నొక్కించుకుని చివరికి అది అడిగింది ఏమిటంటే, తొలగించడానికి యజమాని కెమెరా ముందు కళ్ళు ఆర్పాలట. నేను చదువుకున్నవాణ్ణి, నెమ్మదస్థుణ్ణి అని పేరు. ఆ రోజు మామ పెరట్లో ఆ ఫోనుతో నేనన్న మాటలు ఇక్కడ రాయలేను.

నా గొంతు విని అత్త వచ్చింది. ఏమైందో చెప్పాను. ఫోను తీసుకుని ఆ ఫోటో చూసింది. వేళ్ళతో పెద్దది చేసి, ఎద్దు కడుపు కింద చూసింది.

"చెప్పుల్లేకుండానే నిలబడినాడు చూడు. ముండ్లుండాయప్పా అని చెప్తానే ఉంటి, వింటేనా" అంది. ఇంకొంచెం సేపు చూసి ఫోను నా చేతిలో పెట్టింది. "తియ్యొద్దులే. ఉండనీ. కావాలంటే పాలు ఇంకో లీటరు పెంచు."

తెర మీద రెండు బటన్లున్నాయి. ఒకటి "ధర తగ్గించు", రెండోది "తర్వాత గుర్తు చేయి". నేను రెండోది నొక్కాను. ఇప్పటికీ అదే నొక్కుతున్నాను, ప్రతిసారీ ముందు కొంత కోపం తెచ్చుకుని. ఆ కంపెనీ నాకు చెప్పిన మాటల్లో ఒక్కటీ నిలబెట్టుకోలేదు. ఇది మాత్రం తప్పకుండా గుర్తు చేస్తుంది.